ఆగు బిడ్డా, బస్సొస్తది

సాయంత్రం అయిదు దాటింది. సూరత్‌లోని లింబాయత్‌లో ఒక సందు చివర నిలబడి ఉన్నాను. ఎండ ఇంకా దిగలేదు. ఇళ్ళ ముందు చీరలు పరుచుకుని ఆడవాళ్ళు పనిలో ఉన్నారు. ఒకామె చీర వెనకవైపు వేలాడే దారపు కొసల్ని కత్తెరతో టకటకా కత్తిరిస్తోంది. పక్కనున్నామె జిగురు చుక్క పెట్టి మెరిసే రాయి అంటిస్తోంది. దారాలు కత్తిరించే పనిని ఇక్కడ ఏ భాషవాళ్ళయినా ధాగా కటింగ్ అనే అంటారు. ఒక గుమ్మంలోంచి కరీంనగర్ తెలుగు, ఎదురు గుమ్మంలోంచి ఖాందేశ్ మరాఠీ, మేడ మీది నుంచి హిందీ వినబడుతున్నాయి. గుజరాతీ గట్టిగా చెవిన పడేది సందు దాటి పెద్ద రోడ్డెక్కాకే.

నేను పాండేసరా పోవాలి. మా బంధువొకాయన అక్కడ సాంచాల ఖాతాలో, అంటే కరెంటు మగ్గాల కార్ఖానాలో, పగటి పాళీ చేస్తున్నాడు. ఏడింటికి పాళీ మారుతుంది, ఆ వేళకి గేటు దగ్గరుండు, కలిసి ఇంటికొద్దాం అన్నాడు. ముందు ఉధనా దర్వాజాకి చేరాలి, అక్కణ్ణుంచి బీఆర్‌టీఎస్ బస్సు పట్టుకోవాలి. చెప్పుకోవడానికి రెండు ముక్కలే. గుజరాతీ రానివాడికి ఆ రెండు ముక్కల మధ్య ఎంత ఉందో దారిలో తెలుస్తుంది.

సందు మొదట్లో షటల్ రిక్షా ఆగి ఉంది. డ్రైవరు "దర్వాజా, దర్వాజా" అని కేకేస్తున్నాడు. వెనక సీట్లో ముగ్గురం సర్దుకున్నాం. బండి కదలదు. "బేసో, బేసో" అంటాడు, చూపు మాత్రం వీధి చివరే ఉంటుంది. షటల్‌కి టైము లేదు, నిండడమే దాని టైము. వెనక నలుగురయ్యాక తన సీటు సగం జరిగి పక్కన ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకున్నాక గానీ ఇంజను స్టార్టు చెయ్యలేదు. నా ఒళ్ళో పక్కతని టిఫిన్ డబ్బా. నా మోకాలికి ఎదురు ఒక చీరల మూట. ఎవరూ విసుక్కోలేదు. రోజూ ఇదే బండి ఎక్కేవాళ్ళకి అది ఎప్పుడు నిండుతుందో తెలుసు. నాకు తెలియదు కాబట్టి వాచీ చూసుకుంటున్నాను.

రోడ్డు మధ్యలో మెట్రో పనుల కంచెలు. 2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన సూరత్ మెట్రో రెండు లైన్లూ కలిపి దాదాపు 40 కిలోమీటర్లు. ఒకటి సర్థాణా నుంచి డ్రీమ్ సిటీకి, ఇంకొకటి భేసాణ్ నుంచి సారోలీకి. అది పూర్తయ్యేదాకా రేకుల కంచెల పక్కన మిగిలిన సన్నని రోడ్డులోనే ఆటోలు, బట్టల టెంపోలు, బైకులు అన్నీ దూరాలి. మా షటల్ జానెడు జరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ జానెడు జరుగుతుంది.

ఉధనా దర్వాజా పేరులో ఉన్న దర్వాజా కోసం వెతికితే కనిపించదు. పూర్వం సూరత్ చుట్టూ ఉన్న కోటగోడకి ద్వారాలుండేవి. గోడ పోయింది, పేర్లు మిగిలాయి. సహారా దర్వాజా, మజూరా గేట్, లాల్ దర్వాజా, ఢిల్లీ గేట్ ఇప్పుడు కూడళ్ళ పేర్లు. ఒకప్పుడు ఊళ్ళోకి రావాలంటే పొద్దున దర్వాజా తెరిచేదాకా బయటే కాచుకోవాలి. ఇప్పుడు అదే పేరున్న చోట బస్సు కోసం కాచుకుంటున్నాం.

బీఆర్‌టీఎస్ స్టేషను రోడ్డుకి నడిమధ్య ఉంటుంది. ఇటు రెండు వరసల వాహనాలు, అటు రెండు వరసలు, మధ్యలో కంచె కట్టిన బస్సుల దారి. గుజరాత్‌లో ఈ పద్ధతి 2009లో అహ్మదాబాద్‌లో మొదలైంది. సూరత్‌లో 2014 జనవరిలో వచ్చింది. మొదట వేసిన దారే ఈ ఉధనా దర్వాజా నుంచి సచిన్ పారిశ్రామికవాడకి పోయేది. బస్సులో టికెట్ కొట్టించుకునే పని లేదు. స్టేషను కిటికీ దగ్గరే కొనుక్కుని లోపలికి పోవాలి. లోపల అరుగు బస్సు నేలతో సమానంగా ఉంటుంది. మెట్టెక్కే అవస్థ లేదు కాబట్టి ముసలివాళ్ళూ, మూటలున్నవాళ్ళూ హాయిగా ఎక్కుతారు. అరుగుకి రెండు పక్కలా తలుపులు. పాండేసరా బస్సు ఏ పక్కన ఆగుతుందో తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే.

తల ఎత్తి బోర్డు చూశాను. గుజరాతీ లిపి హిందీ లిపికి తోబుట్టువే, నెత్తిన గీత ఉండదు. చాలా అక్షరాలు పోల్చుకోవచ్చు. కొన్ని మాత్రం కళ్ళ ముందే మొండికేస్తాయి. గుజరాతీలో రెండు అంకె, 'ర' అక్షరం ఒక్కలాగే ఉంటాయి. అయిదు అంకెకీ 'ప' అక్షరానికీ తేడా పట్టుకోవడం కష్టం. చదివేది బస్సు నంబరా, ఊరి పేరులో మొదటి అక్షరమా అని తేల్చుకునేలోపు ఒక బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది, జనం దిగారు, జనం ఎక్కారు, తలుపు మూసుకుంది, బస్సు పోయింది. అది నాదో కాదో అప్పటికీ తెలియలేదు.

పరాయి చోట బస్సు కోసం నిలబడ్డవాడి అసహనం ఇక్కణ్ణుంచే పుడుతుంది. ఆలస్యం ఎంతయినా భరించవచ్చు. రాబోయేది మనదో కాదో తెలియకపోతే ప్రతి బస్సుకీ గుండె ఎగిరి పడుతుంది. నిలబడ్డ ప్రతి క్షణం బరువవుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నిశ్చింతగా నిలబడి ఉంటే వాళ్ళు పుట్టుకతోనే శాంతమూర్తులని అనిపిస్తుంది.

"ఏడికి పోవాలె బిడ్డా?"

తిరిగి చూస్తే చేతిలో చీరల మూటతో ఒక పెద్దామె. నేను ఫోనులో మాట్లాడింది విన్నట్టుంది. పక్కన బడి సంచీతో మనవడు.

"పాండేసరా పోవాల పెద్దమ్మా."

"మేం గా దిక్కే పోతున్నం. ఆగు, వస్తది. గిప్పుడు పోయింది మనది కాదు."

మనవడు బోర్డు వైపు వేలు చూపించి గడగడా చదివేశాడు. "అగో, గది సచిన్ బస్సు. దక్షేశ్వర్ గుడికాడ దిగాలె. గీ పక్క తలుపుకే వస్తది." ఆ పిల్లవాడు కార్పొరేషన్ తెలుగు బడిలో చదువుతున్నాడు. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో ప్రాథమిక పాఠశాలలు నడుపుతుంది. బళ్ళో తెలుగు పాఠం, రోడ్డు మీద గుజరాతీ బోర్డు, ఆటల్లో హిందీ. లింబాయత్ వీధుల్లో పెద్దవాళ్ళని ఊరంతా తిప్పేది ఇలాంటి పిల్లలే. ఆసుపత్రి చీటీ చదవాలన్నా, బస్సు నంబరు చూడాలన్నా చిన్నవాళ్ళనే వెంట పెట్టుకుంటారు.

పెద్దమ్మ వాళ్ళది పద్మశాలీల కుటుంబం. తెలంగాణ పల్లెల్లో మగ్గానికి పని తగ్గినకొద్దీ కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి నేతగాళ్ళు షోలాపూర్‌కి, భీవండికి, ముంబైకి, సూరత్‌కి తరలిపోయారు. కులదైవం మార్కండేయుణ్ణీ, బతుకమ్మనీ వెంట తెచ్చుకున్నారు. ఇక్కడ కరెంటు సాంచాల మీద కుదురుకున్నారు. ఆమె కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ స్టేషనూ లేదు, ఈ గాజు తలుపులూ లేవు.

"మరి అప్పుడెట్ల తిరిగేటోళ్ళు పెద్దమ్మా?"

"అడుక్కుంట తిరిగేది. పదిమందిని అడిగితె ఒక్కలు చెప్పెటోళ్ళు. ఆళ్ళు చెప్పిందాంక నిలబడేది. ఇంకేం జేస్తం బిడ్డా?"

ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఆమె మూట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. నేను తీసుకోబోతే వద్దంది. ఆమె చెప్పాక వాచీ చూడాలనిపించలేదు. రావలసిన బస్సు ఇంకా రాలేదు, జనం ఇంకా పెరిగారు, ఉక్క అలాగే ఉంది. కానీ ఎటు చూడాలో తెలిసింది, ఏ తలుపు ముందు నిలబడాలో తెలిసింది. కాళ్ళలో తొందర తగ్గింది. అప్పుడు చుట్టూ ఉన్న మనుషులు కనిపించడం మొదలుపెట్టారు.

నా ముందున్న ఇద్దరు కుర్రాళ్ళు ఒడియా మాట్లాడుకుంటున్నారు. గంజాం జిల్లా నుంచి సూరత్ సాంచాలకి వచ్చేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వస్తూనే ఉన్నారు. వాళ్ళ వెనక భోజ్‌పురి. తలుపు పక్కన గోడకి ఆనుకున్న నడివయసాయన ఫోనులో సౌరాష్ట్ర యాసలో మాట్లాడుతున్నాడు. వరాఛా వైపు వజ్రాల సాన పనికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ ప్రాంతం వాళ్ళే. 2011 లెక్కలకే సూరత్ జనాభా 44 లక్షలు దాటింది. అందులో చాలామంది ఇంకెక్కణ్ణుంచో వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఈ అరుగు మీద నిశ్చింతగా నిలబడ్డ ప్రతివాళ్ళూ ఒకప్పుడు నాలాగే బోర్డు కేసి అయోమయంగా చూసినవాళ్ళే. అప్పుడు వాళ్ళకి ఎవరో ఒకరు చెప్పారు.

ఈ ఊళ్ళో ప్రయాణానికి కాచుకోవడం ఈనాటిది కాదు. 17వ శతాబ్దంలో సూరత్ మొగలుల పెద్ద రేవు. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడలెక్కేవారు. తెరచాపల ఓడలు గాలి వాటం చూసుకుని నడిచేవి. ఋతుపవనం దారి ఇచ్చేదాకా యాత్రికుడైనా వర్తకుడైనా నెలల తరబడి రేవులో ఆగాల్సిందే. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఈ సూరత్ నుంచే గోల్కొండకి వెళ్ళాడు. కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనుల వజ్రాల మీద అతని చూపు. దారిలో ఏ మజిలీ తరవాత ఏ మజిలీ వస్తుందో, ఎంత దూరమో తన పుస్తకంలో వరసగా రాసిపెట్టాడు. వెనక వచ్చేవాడు ఆ వరస చదువుకుంటే ఇంకెంత దూరముందో అంచనా దొరికేది. గనులు అక్కడ మూతబడ్డాయి. ఇప్పుడు ప్రపంచంలో దొరికే వజ్రాల్లో ఎక్కువ భాగం సానకి వచ్చేది సూరత్‌కే. తావెర్నియే పుస్తకంలో రాసి చేసిన సాయాన్ని ఈ అరుగు మీద మనవడు నోటితో చేశాడు.

బస్సు వచ్చింది. "ఇదే, ఇదే" అని పిల్లవాడు నా చొక్కా పట్టి లాగాడు. తలుపు తెరుచుకోగానే ముందుకి తోసుకోబోయిన కుర్రాణ్ణి కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "పహేలా ఉతర్వా దో!" ముందు దిగనివ్వండి. లోపలివాళ్ళు దిగారు, బయటివాళ్ళం ఎక్కాం. "ఆగళ్ చాలో, ఆగళ్ చాలో" అంటూ ఎవరో వెనక నుంచి జరుపుతున్నారు. పెద్దమ్మని చూసి ఒక ఒడియా కుర్రాడు లేచి సీటిచ్చాడు. ఆమె మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బస్సు కంచెల మధ్య తన దారిన సాగుతోంది. పక్క రోడ్డు మీద కార్లు కదలడం లేదు, మేం కదులుతున్నాం. ఉధనా తీన్ రస్తా వచ్చింది. ఇద్దరు సాంచాల పనివాళ్ళు నా పక్కన నిలబడి గట్టిగట్టిగా మాట్లాడుకుంటున్నారు. పోట్లాట కాదు. పన్నెండు గంటలపాటు సాంచాల రొదలో ఉండేవాళ్ళు మెల్లగా మాట్లాడటం మరిచిపోతారు. కొన్నాళ్ళకి చెవులు మందగిస్తాయి. ఒకతను మాట మధ్యలో చేత్తో సైగ చేశాడు, రెండో అతనికి అర్థమైపోయింది. ఖాతాలో అరిచినా వినబడదు కాబట్టి సైగలతోనే పని నడుస్తుంది. అతని చేతి వేళ్ళ సందుల్లో, కనుబొమల మీద సన్నటి దారపు నూగు అంటుకుని ఉంది.

దక్షేశ్వర్ గుడి దగ్గర దిగాం. పెద్దమ్మ ఒక వైపు చూపించింది. "సీద పో, డైయింగ్ మిల్లు పొగ గొట్టం అగుపిస్తది. ఆడ అడుగు." మనవడు చెయ్యి ఊపాడు. ఇద్దరూ ఇంకో సందులోకి మళ్ళారు.

ఖాతా గేటు దగ్గరికి చేరేసరికి ఏడు కావస్తోంది. లోపలి నుంచి సాంచాల చప్పుడు గోడలని దాటి వస్తోంది. నేల అదురుతున్నట్టు పాదాలకి తెలుస్తోంది. రాత్రి పాళీ వాళ్ళు టిఫిన్ డబ్బాలతో ఒకరొకరే లోపలికి పోతున్నారు. లోపలికి ఒకరు పోతే బయటికి ఒకరు వస్తున్నారు. మా బంధువు ఇంకా రాలేదు. గేటులోంచి తొంగి చూస్తే వరస మధ్య నిలబడి ఉన్నాడు. ఒక సాంచా దగ్గర తెగిన పోగు ముడి వేసి పక్కదానికి పోతున్నాడు, అక్కణ్ణుంచి ఇంకోదానికి. నన్ను చూసి చెయ్యెత్తి ఆగమన్నాడు.

బయట బీడీ కాల్చుకుంటున్న పెద్దాయనని అడిగాను, పాళీ అయిపోయింది కదా, ఎందుకు రావడం లేదని. సాంచా ఆగదు కదా అన్నాడు. రాత్రి మనిషి వచ్చి నిలబడితే గానీ పగటి మనిషి కదలడానికి లేదు. గుడ్డ మీటరు లెక్కన కూలి. సాంచా ఆగితే ఎవరికీ లాభం లేదు. రాత్రి మనిషి సచిన్ వైపు నుంచి రావాలి, అతని బస్సు ఎక్కడో చిక్కుకుంది. అక్కడ ఒక బస్సు ఆలస్యమైతే ఇక్కడ పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళు ఇంకాసేపు నిలబడాలి. ఇంటి దగ్గర వండిన అన్నం చల్లారుతుంది. రేపు పొద్దున లేవాల్సిన టైము మాత్రం మారదు.

కాసేపటికి ఒక కుర్రాడు పరుగు లాంటి నడకతో వచ్చి లోపలికి దూరాడు. తరవాత మా బంధువు బయటికొచ్చాడు. ముఖం మీద కోపం లేదు. "బస్సు దొరకలేదంట పాపం. కొత్తోడు, ఏ బస్సు ఎక్కాల్నో ఇంక సరిగ్గ తెల్వదు. రేపు నేనే చెప్త" అన్నాడు.

తిరుగు దారిలో స్టేషను కిక్కిరిసి ఉంది. మొదటి బస్సు వచ్చింది. ఎక్కబోతే నా భుజం పట్టి ఆపాడు. "దీన్ని పోనియ్. దీని ఎన్కనే ఇంకోటి ఉంటది, అండ్ల జాగ దొరుకుతది." నిండు బస్సుని వదిలేశాం. అతను చెప్పినట్టే వెనక ఇంకొకటి వచ్చింది, నిలబడటానికి తీరైన చోటు దొరికింది. రోజంతా అలసినవాడు ఎదురుగా వచ్చిన బస్సుని వదిలెయ్యగలిగాడంటే దాని వెనక ఏళ్ళ తరబడి ఈ దారిని చూసిన చూపుంది. బయటివాళ్ళకి అది ఓర్పులా కనిపిస్తుంది. అతనికి అది దారి తెలిసిన ధీమా.

ఓపిక పట్టు అని మనం పిల్లలకీ చెబుతాం, కొత్తగా వచ్చినవాళ్ళకీ చెబుతాం. అది పళ్ళ బిగువున తెచ్చుకునేది అనుకుంటాం. ఈ సాయంత్రం నేను చూసింది వేరు. ఎంతసేపు ఆగాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవాడికి ఓపిక దానంతటదే వస్తుంది. తెలియనివాడికి ఇంకొకరు ఇవ్వాలి. పెద్దమ్మ నాకు ఇచ్చింది. రేపు మా బంధువు ఆ రాత్రి పాళీ కుర్రాడికి ఇస్తాడు. ఈ ఊళ్ళో ఇన్ని భాషలవాళ్ళు ఒకే బస్సులో ఒదిగి ప్రయాణం చెయ్యగలుగుతున్నారంటే, ఒకరి నుంచి ఒకరికి ఇలా అందుతూ వచ్చినందువల్లే.

అయితే కూలివాడి ఓపిక ఉంది కదా అని ఊరు తన పని మరిచిపోకూడదు. పాళీ మారే ఏడు గంటలకి, పొద్దునైనా రాత్రయినా, పాండేసరా, సచిన్ లాంటి చోట్ల బస్సులు ఎక్కువ తిరగాలి. వాళ్ళు ఆగే ప్రతి నిమిషానికీ కూలి లేదు. ఆ నిమిషాలు నిద్ర నుంచో, పిల్లలతో గడపాల్సిన వేళ నుంచో పోతాయి. బోర్డుల మీద అంకెలు అందరూ చదవగలిగేలా ఉండాలి. ఏడు భాషల్లో బళ్ళు నడిపే కార్పొరేషన్ ఉన్న ఊరికి ఇది అసాధ్యమేమీ కాదు.

ఇది సూరత్‌కి మాత్రమే చెప్పే మాట కూడా కాదు. మన హైదరాబాద్‌కి బిహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి మేస్త్రీ పనులకి వస్తున్నారు. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా నుంచి ఇటుక బట్టీలకి కుటుంబాలకి కుటుంబాలు వస్తున్నాయి. సికింద్రాబాద్ స్టేషను బయట, విజయవాడ బస్టాండులో చేతిలో నంబరు రాసిన చీటీ పట్టుకుని వచ్చే ప్రతి బస్సు కేసీ ఎగిరెగిరి చూసేవాళ్ళు మీకు రోజూ కనిపిస్తారు. మన గుండ్రటి అక్షరాలు వాళ్ళకి అర్థం కావు. వాళ్ళు అడిగితే "అటు" అని చెయ్యి ఊపేసి పోకండి. ఏ బస్సో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ దిగాలో చెప్పండి. వీలైతే ఆ బస్సు వచ్చేదాకా పక్కన నిలబడండి. మన తెలుగువాళ్ళకి సూరత్‌లో, భీవండిలో, షోలాపూర్‌లో ఎవరో ఒకరు అలా నిలబడ్డారు.